నల్లమలలో ముందే నిప్పు పెట్టాలా, వద్దా?

దోర్నాల బాటసారి:
ఏటా ఫిబ్రవరి నెలాఖరుకు వాతావరణ శాఖ వేసవి అంచనా విడుదల చేస్తుంది. మార్చి నుంచి మే దాకా ఎండలు ఎలా ఉంటాయి, వడగాలులు ఎన్ని రోజులు వీస్తాయి అని. పత్రికలు మొదటి పేజీలో వేస్తాయి. మజ్జిగ తాగండి, మధ్యాహ్నం బయటికి రాకండి అంటాయి. మంచిదే. కానీ ఆ వార్త వచ్చేనాటికి మా ఘాట్ రోడ్డు పక్క అడవి సగం ఆకు రాల్చేసి ఉంటుంది. ఊళ్ళో వడగాలి అనాలంటే 40 డిగ్రీలు దాటాలి, మామూలు కంటే నాలుగున్నర డిగ్రీలు ఎక్కువుండాలి. అడవికి ఆ లెక్క లేదు. మార్చిలో 36 డిగ్రీల రోజున కూడా ఎండుటాకు, గాలి, ఒక బీడీ ముక్క ఉంటే చాలు. రోహిణి కార్తె వచ్చేసరికి కాలాల్సింది ఎప్పుడో కాలిపోయి ఉంటుంది.

అందుకే అడుగుతున్నాను. డిసెంబరు, జనవరిలో, తెల్లవారుజామున మంచు కురిసే రోజుల్లో, అక్కడక్కడా మనమే పలచగా కాల్చేస్తే మార్చిలో పెద్ద మంటకు మేత దొరకదు కదా? కాల్చాలనే నేనంటాను. కాదనేవారు కారణం చెప్పండి.

అడవిపిల్లి:
వద్దు. నాలుగేళ్ళ క్రితం ఆత్మకూరు వైపు కాలిన చోట నడిచాను. బూడిద మీద ఒక తాబేలు చిప్ప బోర్లా పడి ఉంది. నక్షత్రాల గీతలు సగం చెరిగిపోయాయి. చేత్తో తీస్తే లోపల ఏమీ లేదు, గంట కొట్టినట్టు ఖాళీ చప్పుడు. జింక పారిపోతుంది, పులి పారిపోతుంది, తాబేలు ఎక్కడికి పోతుంది? మంట పలచనా చిక్కనా అన్నది దానికి తెలియదు. పైగా వన్యప్రాణి సంరక్షణ చట్టం 30వ సెక్షన్ ప్రకారం అభయారణ్యంలో ఎవరూ నిప్పు పెట్టకూడదు. 1972 నుంచీ ఉన్న మాట ఇది.

కొమ్మ పట్టినవాడు:
ఆరు వేసవులు ఫైర్ వాచర్‌గా రోజుకూలీకి పనిచేశాను కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తాను, ఓపిక పట్టండి.

ముందు ఒక మాట సరిదిద్దాలి. నిప్పు పెట్టడం కొత్తేమీ కాదు. ఫైర్ లైన్లలో, అంటే మంట దాటకుండా అడవిలో ఖాళీగా ఉంచే పట్టీల్లో, గడ్డి కోసి, ఆకు ఊడ్చి, అక్కడికక్కడ కాల్చడం అటవీ శాఖ చేసే పనే. బాటసారి గారు అడుగుతున్నది లైన్ దాటి లోపల కాల్చడం గురించి. ఆ రెండూ ఒకటి కాదు.

ఉపగ్రహం ఉంది కదా అని చాలామంది అంటారు. డెహ్రాడూన్‌లోని అటవీ సర్వే సంస్థ నుంచి ఫోనుకు సందేశం వస్తుంది, నిజమే. అందులో ఒక చుక్క అంటే నేల మీద 375 మీటర్ల గడి. ఆ కన్ను మన మీదుగా దాటేది మధ్యాహ్నం ఒంటిగంటన్నర ప్రాంతంలో, మళ్ళీ అర్ధరాత్రి దాటాక అదే సమయానికి. మూడు గంటలకు అంటుకున్న చిన్న మంట రాత్రి దాకా దాని కంట పడదు. సందేశం అందాక మేము నడవాలి. కొండ మీదికి బండి రాదు.

ఇక గాలి. పగటి ఎండకు లోయలోని గాలి వేడెక్కి వాలు పట్టుకుని పైకి పాకుతుంది, మంటా దానితో పాటే ఎక్కుతుంది. వాలు పది డిగ్రీలు పెరిగితే మంట వేగం దాదాపు రెట్టింపు అవుతుంది. 2018 మార్చిలో తమిళనాడు తేని జిల్లా కురంగణి కొండల్లో ట్రెక్కింగ్‌కు వెళ్ళినవారు 20 మందికి పైగా చనిపోయింది ఇలాంటి వాలులోనే. చీకటి పడ్డాక గాలి తిరిగి కిందికి దిగుతుంది. మా పని అప్పుడు మొదలు. చేతిలో పచ్చి కొమ్మ, మంట అంచు మీద అణిచి కొట్టాలి. ఎత్తి బాదితే నిప్పురవ్వలు ఎగిరి వెనక పడతాయి. కొత్తగా వచ్చిన కుర్రాళ్ళందరూ ఎత్తే బాదుతారు. తరువాత ఆకు ఊదే యంత్రాలు వచ్చాయి. ఆకును పక్కకు తోసి దారి చేయడానికి బాగానే ఉంటాయి, భుజం మాత్రం పోతుంది.

మా ముఠాలో ఒక చెంచు పెద్దాయన ఉండేవాడు. లైన్ కాల్చే రోజు తెల్లవారుతూనే చెప్పులు విడిచి ఆకు మీద కాలు మోపేవాడు. చప్పుడు రాకపోతే, కానివ్వండి. కరకరమంటే, అగ్గిపెట్టె జేబులో పెట్టుకోండి. అంతే ఆయన వాతావరణ అంచనా. అది తప్పడం నేను చూడలేదు.

నా మాట: కాల్చవచ్చు, కానీ ఆయన లాంటి వాడు పక్కనుంటేనే. ఒక ఏడాది లైన్లు కాల్చడానికి కూలీ డబ్బు మార్చిలో వచ్చింది. మార్చిలో లైన్ కాలిస్తే దాన్ని లైన్ అనరు.

బే ఏరియా బాబాయి:
కాలిఫోర్నియా నుంచి రాస్తున్నాను. గాలి, పొడి, వేడి కలిసిన రోజున ఇక్కడ వాతావరణ శాఖ ఎర్రజెండా హెచ్చరిక ఇస్తుంది. కొన్నిసార్లు కరెంటు కూడా ముందే తీసేస్తారు. అలాంటి హెచ్చరిక నల్లమలకూ కావాలి, అంతవరకు మీతో ఏకీభవిస్తాను.

కాల్చడం దగ్గర మాత్రం జాగ్రత్త. 2022 ఏప్రిల్ 6న న్యూ మెక్సికోలో అటవీ శాఖవారు పెద్ద మంట రాకూడదనే చిన్న మంట పెట్టారు. గాలి తిరిగింది, అది చేయి దాటింది. దానికి ఇంకో మంట వచ్చి కలిసింది. ఆ రెండోదాని పుట్టుక వినండి: జనవరిలో కాల్చిన కట్టెల కుప్ప మంచు కింద ఆరకుండా ఏప్రిల్ దాకా ఉండి లేచింది. నివురుగప్పిన నిప్పు అని మనం మాటవరసకు అంటాం, అక్కడ అక్షరాలా అదే జరిగింది. 3 లక్షల 41 వేల ఎకరాలు పోయాయి. ఆ రాష్ట్ర చరిత్రలో అంత పెద్ద మంట లేదు. ఆ తరువాత దేశమంతా 90 రోజులు ఇలాంటి పనులు ఆపేశారు. లెక్కలు, యంత్రాలు, వాతావరణ నిపుణులు అన్నీ ఉన్నచోటే ఇలా అయింది.

కొమ్మ పట్టినవాడు:
బాబాయి గారూ, అక్కడ దేవదారు జాతి చెట్లు, మంట కొమ్మల్లోకి ఎక్కుతుంది. ఇక్కడ నేల మంటే ఎక్కువ, మోకాలి ఎత్తు. నల్లమద్ది బెరడు దాన్ని తట్టుకుంటుంది. పోయేది మొలకలు. ఆ కుప్ప సంగతి మాత్రం నిజం. ఎండు మొద్దు వేరులో దాగిన నిప్పు మూడో రోజు లేవడం నేనూ చూశాను.

అడవిపిల్లి:
మొలకలు పోతే పోనీ అన్నట్టుందే!

గడ్డిపరక:
కర్ణాటకలో బిలిగిరి రంగన కొండల సోలిగ గిరిజనులు ఏడాది మొదట్లో ఆకు మంట వేసేవారు. 1974లో అది అభయారణ్యం అయింది, మంట ఆగింది. తరువాత లాంటానా అనే కలుపు పొద అడవిని కమ్మేసింది, మంట ఆపడమే కారణమని సోలిగలు అంటారు. కానీ ఇంకో వాదమూ ఉంది. లాంటానా పెరిగాక మంట వేస్తే అది మళ్ళీ చిగురించి ఇంకా గుబురవుతుంది, అది ఎండితే ఇంకా పెద్ద మంట వస్తుంది అని. కాబట్టి లాంటానా ఉన్నచోట ముందు పీకాలి, తరువాతే కాల్చే మాట. బోదగడ్డి చోటు వేరు, లాంటానా చోటు వేరు. అడవి మొత్తానికి ఒకే జవాబు అడిగితే ఈ వాదన తెగదు.

వెంకటాపురం మాస్టారు:
అందరూ ఆకు గురించి మాట్లాడుతున్నారు, అగ్గిపుల్ల గురించి ఎవరూ మాట్లాడరేం? మన అడవిలో పిడుగుపడి అంటుకునే మంట చాలా అరుదు. మిగతాదంతా మనిషి చేతిదే. ఉగాదికి ముందు కన్నడ భక్తులు మా ఊరి మీదుగా నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలను దాటి శ్రీశైలం నడుస్తారు. మేమూ అన్నదానం చేస్తాం. సరిగ్గా ఆకు ఎండిన రోజులే అవి. మూడు రాళ్ళు పెట్టి వండుకుని, నిప్పు ఆర్పకుండా లేచిపోయేవారు ఉంటారు. పుణ్యానికి వచ్చినవారిని పట్టుకుని ఏమంటాం? నిరుడు మా కుర్రాళ్ళు ప్రతి మజిలీలో బిందెతో నీళ్ళు పెట్టుకుని కూర్చున్నారు. పొయ్యి కనపడితే వెళ్ళి పోయడమే. ఒకావిడ తిట్టింది కూడా, అన్నం ఇంకా ఉడకలేదని.

దోర్నాల బాటసారి:
మాస్టారూ, బిందె సంగతి నాకు తట్టలేదు, ఒప్పుకుంటున్నాను. అయినా మజిలీల చుట్టూ వంద అడుగుల మేర జనవరిలోనే కాల్చి ఉంచితే మీ కుర్రాళ్ళకూ తేలిక కదా? అడవంతా వద్దు. అడవిపిల్లి గారికీ అభ్యంతరం ఉండకూడదు.

అడవిపిల్లి:
మజిలీల చుట్టూ అయితే సరే. ముందు రోజు నడిచి తాబేళ్ళను ఏరాలి. ఆ పనికి నేను వస్తాను.

కొమ్మ పట్టినవాడు:
వచ్చే ఏడాది చూద్దాం. మొన్న పెచ్చెరువు దగ్గర పొద్దున ఆరు గంటలకు చెప్పులు విడిచి చూశాను. కరకరమంది.