వి.బి.ఎస్. పిల్లలకు మన చుట్టూ ఉన్నవాటితో పాఠాలు చెప్పాలి, సలహా ఇవ్వండి

సింగ్‌నగర్ సండే స్కూల్ అక్క:

అందరికీ వందనాలు. నేను విజయవాడ సింగ్‌నగర్ వైపు ఒక చిన్న సంఘంలో సండే స్కూల్ చెబుతాను. ఈ మే సెలవుల్లో ఐదు రోజులు వి.బి.ఎస్. (పిల్లలకు సెలవుల బైబిలు బడి) పెట్టుకున్నాం. నా క్లాసు ఎనిమిది నుంచి పన్నెండేళ్ల పిల్లలు. సృష్టిలోంచి, రోజువారీ జీవితంలోంచి దేవుని సంగతులు నేర్చుకోవడం అనేది ఈసారి అంశం. మాకు వచ్చిన పుస్తకంలో ద్రాక్షతోట, గొర్రెల మంద, మంచు కొండల బొమ్మలు ఉన్నాయి. మా పిల్లల్లో ద్రాక్షతీగను చూసినవాళ్లే లేరు. ఆవగింజ చెట్టు అంటే మొహమొహాలు చూసుకుంటారు. వాళ్లకు తెలిసింది కాలువ, కృష్ణ, బ్యారేజి, గుంటూరు నుంచి వచ్చే మిర్చి లారీలు, ఇంట్లో అమ్మ వంట. వీటితోనే వాక్యం చెప్పాలని నా ఆశ. ఎవరైనా ఇలా చెప్పి ఉంటే రాయండి.

ఇంకో విషయం. అంశం చెప్పగానే ఒక బాబు లేచి, "అక్కా, వరదలో మా ఇల్లు మునిగింది కదా, అది ఏ పాఠం?" అన్నాడు. అల్లరికి కాదు, నిజంగానే అడిగాడు. 2024 సెప్టెంబర్ బుడమేరు వాగు వరదలో వాళ్ల నాన్న ఆటో, వీడి పుస్తకాలు, మంచాలు అన్నీ నీళ్లలో పోయాయి. వాడికి ఏం చెప్పాలా అని నాకు చాలా టెన్షన్‌గా ఉంది.

తెనాలి యూత్:

ప్రైజ్ ద లార్డ్ సిస్టర్. మిర్చితో మంచి పాఠం ఉంది. ఎండలో ఎండితేనే మిర్చికి ధర, శ్రమల్లో నలిగితేనే విశ్వాసికి విలువ. కల్లంలో తాలు కాయలు ఏరి పారేసినట్టు చివరి దినాన దేవుడు చెడ్డవాళ్లను వేరు చేస్తాడు. చార్టులు వేసి చూపిస్తే పిల్లలకు బాగా ఎక్కుతుంది. వరద అయితే నోవహు ఓడ ఉండనే ఉంది కదా.

ప్రత్తిపాడు మిరప రైతు:

వందనాలమ్మా. మాది గుంటూరు జిల్లాలో ప్రత్తిపాడు దగ్గర పల్లెటూరు. మిరప వేస్తాం. మా సంఘంలో పెద్దగా కూడా ఉన్నాను. పై తమ్ముడు మంచి మనసుతోనే రాశాడు. కానీ ఆ పాఠం మా ఊరి పిల్లల ముందు చెబితే వాళ్లే మధ్యలో ఆపేస్తారు. అందుకని కొంచెం వివరంగా రాస్తున్నాను.

తాలు కాయను మేం పారెయ్యం. కోసిన కాయ కల్లంలో పరుస్తాం. పొద్దున్నే పట్టాలు తీయడం, ఎండెక్కాక కాయను కలియబెట్టడం, సాయంత్రానికి పోగు చేసి మళ్లీ పట్టా కప్పడం, ఇదే పని. ఒక రాత్రి మంచు పట్టినా, అకాల వాన తగిలినా కాయ రంగు పోయి తెల్లబడుతుంది. చేలోనే కాయకుళ్లు తగిలినదీ అంతే. అదే తాలు. ఆడకూలీలు కొంగు ముక్కుకు అడ్డం కట్టుకుని, రోజంతా కూర్చుని చేత్తో ఏరతారు. ఏరిన తాలును వేరే టిక్కీలకు (మిర్చి బస్తాలకు) ఎత్తి దాన్నీ మిర్చి యార్డుకే తోలతాం. ధర తక్కువ పలుకుతుంది గానీ దానికీ కొనేవాళ్లు ఉన్నారు. తడిసి తెల్లబడిన కాయ చేసిన తప్పేముంది? వాళ్లమ్మ కల్లంలో తాలు ఏరి కూలి తెస్తుంటే తిని పెరిగిన పిల్లలు మా దగ్గర చాలామంది. తాలు అంటే పాపి అని వాళ్లకు చెబితే ఆ మాట నిలబడదు. మన మాట ఒక్కచోట తేలిపోతే వాక్యం మీద కూడా వాళ్లకు అనుమానం వస్తుంది, అదీ నా బాధ.

ఎండితేనే ధర అన్నది కూడా సగం మాటే. తేమ 10–11 శాతానికి వచ్చాక కాయను ఎండలో ఉంచకూడదు. ఉంచితే గలగలలాడుతూ పగిలి గింజ రాలిపోతుంది, రంగు వెలిసిపోతుంది. గుప్పిట్లోకి తీసుకుని నొక్కి చూసి, ఇక చాలు అని పోగు చెయ్యాలి. ఆ "ఇక చాలు" తెలియనివాడికి పంట అప్పజెప్పం. శ్రమలు ఎంత ఎక్కువైతే అంత మంచిదని పిల్లలకు చెప్పకండమ్మా. మన ముందు కూర్చున్న పిల్లల్లో ఎవరు ఇంట్లో ఏం భరిస్తున్నారో మనకు తెలియదు. "మీరు సహింపగలిగినంతకంటె ఎక్కువగా ఆయన మిమ్మును శోధింపబడనియ్యడు" అని మొదటి కొరింథీ 10వ అధ్యాయంలో ఉంది. కల్లం చూపించి చెప్పాలంటే నేను ఆ మాట చెబుతాను.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. పాఠాన్ని ముందే రాసి పెట్టుకుని, దానికి సరిపోయే వస్తువు కోసం వెతకొద్దు. ముందు పనిని మొదటినుంచి చివరిదాకా పిల్లలకు చూపించండి. ప్రభువు విత్తువాని ఉపమానం చెప్పినప్పుడు ఎదురుగా ఉన్నవాళ్లకు త్రోవ ప్రక్క నేల ఏదో, రాతి నేల ఏదో, ముండ్లపొదలు ఎక్కడుంటాయో తెలుసు. తెలిసినవాళ్లకు చెప్పాడు కాబట్టే ఆ మాట లోపలికి దిగింది.

మిరపలో నన్ను ఎప్పుడూ నిలబెట్టేసేది నారుమడి. జూలై, ఆగస్టుల్లో పోస్తాం. ఎత్తుగా మడి కట్టి, గింజ పల్చగా చల్లి, పైన మట్టి, దానిమీద గడ్డి కప్పుతాం. చిల్లుల మూతి డబ్బాతో సన్నగా నీళ్లు చల్లుతాం. వారం పది రోజులు ఏమీ కనపడదు. నల్ల మట్టి నల్ల మట్టిలాగే ఉంటుంది. కొత్తగా వేసినవాడికి ఇంకా నీళ్లు పొయ్యాలనిపిస్తుంది, పోస్తే నారుకుళ్లు వచ్చి మొలక మొదట్లోనే మెత్తబడి పడిపోతుంది. గడ్డి ఎత్తి చూడాలనిపిస్తుంది, గింజ కదిలిందంటే అది ఇక రాదు. చేతులు కట్టుకుని ఉండటమే అప్పుడు సేద్యం. ఒక పొద్దున గడ్డి కింద పచ్చగా సూదిమొనల్లా లేచి ఉంటాయి. ఇన్నేళ్లుగా పోస్తున్నా, మొలక మట్టిని చీల్చుకుని వచ్చే క్షణం నా కళ్లబడలేదు. మార్కు 4వ అధ్యాయంలో ప్రభువు చెప్పింది నాకు అక్కడే అర్థమైంది. రైతు "రాత్రింబగళ్లు నిద్రపోవుచు, మేల్కొనుచు నుండగా, వానికి తెలియని రీతిగా" విత్తనం మొలిచిందన్నాడు. దేవుడు చేసే పనికి నా కాపలా అవసరం లేదు. ఇది తెలిశాక నా పిల్లల గురించి ప్రార్థన చేసే పద్ధతే మారింది. అడుగుతాను, వదిలేసి నిద్రపోతాను.

ఇక మీ వి.బి.ఎస్. సంగతి. మేలో నారుమడి ఉండదు, తోట కూడా అయిపోతుంది, కాయ కోల్డ్ స్టోరేజీల్లో ఉంటుంది. ఐదు రోజుల్లో మిరప మొలక చూపించడం కుదరదు. కానీ ఆవగింజ మీ పిల్లలకు తెలియకపోవడం ఏంటమ్మా, ప్రతి ఇంటి పోపుల డబ్బాలో ఉంది. పైగా మే అంటే ఆవకాయ నెల, ఆవపిండి ఘాటు వీధంతా వస్తుంది. మొదటి రోజు ఒక్కొక్కరికీ ఒక గింజ అరచేతిలో పెట్టండి. ఫ్యాను గాలికి ఎగిరిపోయేంత చిన్నది. పాత ప్లాస్టిక్ డబ్బాకు అడుగున చిల్లులు పెట్టి, మట్టి నింపి, వేయించని ఆవాలు చల్లి, నీడలో ఉంచి తడి ఆరకుండా చూడండి. మూడో రోజుకో నాలుగో రోజుకో మొలకలు కనిపిస్తాయి. ఒక డబ్బా మాత్రం తవ్వి చూసుకోమని పిల్లలకే వదిలేయండి, వాళ్లు ఎలాగూ ఆగరు. తవ్విన డబ్బాకీ తవ్వని డబ్బాకీ తేడా ఐదో రోజు వాళ్లే చెబుతారు, మీరు మార్కు 4 చదివితే చాలు.

ఒక్క జాగ్రత్త. ఆవగింజ పెరిగి పెద్దదై పక్షులకు నీడ ఇస్తుందని ప్రభువు అదే మార్కు 4లో చెప్పాడు కదా. మన ఆవ మొక్క మామూలుగా మనిషి ఛాతీ ఎత్తు ఉంటుంది. ప్రభువు తిరిగిన దేశంలో నల్ల ఆవ మనిషిని మించి ఎదుగుతుంది. ఆ తేడా కూడా చెప్పండి. లేకపోతే పెద్దయ్యాక ఎక్కడో ఆవ మొక్క చూసి, దీనిమీద పక్షులు ఎలా వాలతాయి అనుకుంటారు.

వరద సంగతి ఆ నీళ్లలో ఉన్నవాళ్లు చెబితేనే బాగుంటుంది. నా వైపు నుంచి ఒకటి చెబుతాను. 2021–22లో మా మిరపకు నల్ల తామర పురుగు వచ్చింది. పువ్వులోనే గుంపుగా కూర్చుని రసం పీల్చేది, పూత మొత్తం రాలిపోయేది, కాయ నిలిచేది కాదు. మందు మీద మందు కొట్టినా ఆగలేదు. తోట పీకేసి మొక్కజొన్న వేసుకున్నవాళ్లు ఉన్నారు. మా ఊళ్లో ఉపవాస ప్రార్థన చేసినవాళ్ల చేను, ఎన్నడూ గుడి మెట్టు ఎక్కనివాళ్ల చేను ఒక్కలాగే పోయాయి. ఎవరి పాపం వల్ల వచ్చిందని ఎవరైనా అంటే నేను ఊరుకోలేదు. నీతిమంతుల మీద, అనీతిమంతుల మీద కూడా వర్షం కురిపిస్తాడని మత్తయి 5లో ఉంది కదా, పురుగు కూడా గట్టు చూసి ఆగలేదు. ఆ ఏడాది కోత పండుగలో వేలం పాటకు పెట్టడానికి మిరపకాయ బుట్టలు లేవు. మా అయ్యగారు (పాస్టరు) హబక్కూకు 3వ అధ్యాయం చదివారు, "చేనిలోని పైరు పంటకు రాకపోయినను" అన్నచోట గుడిలో చాలామంది ఏడ్చారు. ఎందుకు పోయిందో ఆ వాక్యం చెప్పదు. పోయినా దేవుని దగ్గరే ఉంటానంటుంది, అంతే. మాకు అదే సరిపోయింది.

రాజరాజేశ్వరీపేట అమ్మ:

అక్కా, దయచేసి ఆ బాబుకి నోవహు ఓడ మాత్రం చెప్పకండి. తమ్ముడిని తప్పుపట్టడం లేదు. కానీ నోవహు కాలం నాటి జలప్రళయం లోకంలోని చెడుతనానికి వచ్చిన తీర్పు. అది విని ఆ పిల్లాడు, మా నాన్న చెడ్డవాడు కాబట్టే మా ఇల్లు మునిగింది అనుకుంటాడు. తర్వాత ఎన్ని చెప్పినా అది పోదు. ఇక ప్రళయజలాల వల్ల సమస్త శరీరులు లయపరచబడరని దేవుడు నిబంధన చేసింది ఆదికాండం 9లో ఉంది. ఓడ కథ చెప్పాలనుకుంటే అక్కడిదాకా చెప్పాలి.

మాదీ మునిగిన ఇల్లే. 2024 సెప్టెంబర్ 1, ఆదివారం. గుడికి బయల్దేరాల్సిన రోజు నీళ్లు గుమ్మంలోకి వచ్చాయి. నేనైతే వాడికి ముందు జరిగింది జరిగినట్టు చెబుతాను. పైన విపరీతంగా వాన పడింది, బుడమేరు పొంగింది. వెలగలేరు దగ్గర్నుంచి ఆ నీటిని కృష్ణలోకి మళ్లించే డైవర్షన్ కాలువ ఉంది. అప్పుడు కృష్ణ కూడా నిండుగా ఉంది, ప్రకాశం బ్యారేజి దగ్గర వరద 11.43 లక్షల క్యూసెక్కులకు చేరింది. కాలువ కట్టకు గండ్లు పడ్డాయి, నీళ్లు పల్లంలో ఉన్న మన పేటల మీదికి వచ్చాయి. గండ్లు పూడ్చడానికి సైన్యం కూడా రావాల్సి వచ్చింది. బుడమేరు పారే దారిలో ఇళ్లు కట్టుకుంటూ పోయింది మనుషులే. పన్నెండేళ్ల పిల్లలకు ఇదంతా అర్థమవుతుంది. కారణం తెలిస్తే భయం సగం తగ్గుతుంది.

తర్వాత లూకా 13 తీయండి. సిలోయములో గోపురం కూలి 18 మంది చనిపోయారు. వాళ్లు మిగతావాళ్లకంటే అపరాధులు అనుకుంటున్నారా అని ప్రభువే అడిగి, కాదు అని చెప్పాడు. ఆ బాబుకి కావాల్సింది ఆ "కాదు" అనే మాట, అది ప్రభువు నోటి నుంచి వినాలి.

ఆ తర్వాత మీరు మాట్లాడటం ఆపి, నువ్వేం చూశావు నాన్నా అని వాణ్ని అడగండి. మా డాబా మీద మూడు ఇళ్లవాళ్లం ఉన్నాం. పడవలో ఎవరో కుర్రాళ్లు వచ్చి పాల ప్యాకెట్లు, పులిహోర పొట్లాలు పైకి విసిరారు. వాళ్లెవరో ఇప్పటికీ తెలియదు, మేమెవరమో వాళ్లు అడగలేదు. నీళ్లు తీశాక ఫైరింజన్లు వచ్చి ఇళ్లలో బురద కడిగాయి. పక్కింటి ముస్లిం అమ్మాయి మా బైబిలు ఒక్కొక్క పేజీ విడదీసి ఇస్త్రీ పెట్టెతో ఆరబెట్టి ఇచ్చింది. అంచులు గోధుమరంగుకు తిరిగాయి గానీ చదవడానికి వస్తుంది. ప్రతి పిల్లాడి దగ్గరా ఇలాంటిది ఒకటి ఉంటుంది. దేవుడు ఆ వారం ఎక్కడున్నాడో వాళ్లు చూసినదాంట్లోంచే చెప్పనివ్వండి.

తెనాలి యూత్:

అన్నా, అమ్మా, వందనాలు. తాలు కాయకు కూడా ధర ఉంటుందని నాకు తెలియదు. నోవహు సంగతి కూడా పిల్లాడి వైపు నుంచి ఆలోచిస్తే మీరు చెప్పిందే సరి.

సింగ్‌నగర్ సండే స్కూల్ అక్క:

మీ ఇద్దరి మాటలు చదివి మనసు కుదుటపడింది. మొదటి రోజే ఆవాలు చల్లిస్తాను. ఆ బాబుతో మాత్రం క్లాసులో అందరి ముందు కాకుండా, వాళ్ల అమ్మానాన్నలను కూడా కూర్చోబెట్టి లూకా 13 చదువుతాను. వాళ్లకూ ఆ మాట అవసరమే అనిపిస్తోంది. గుడిలో ఎవరో వాళ్లతో "ప్రార్థన తగ్గింది, అందుకే" అన్నారట, ఆ ఇంటావిడ అప్పటినుంచి ఆరాధనకు రావడం తగ్గించింది.

అన్నా, వి.బి.ఎస్. అయిపోయినా వదలకుండా పిల్లలను ఒకసారి మీ ఊరు తీసుకురావచ్చా? ఎప్పుడు రమ్మంటారు?

ప్రత్తిపాడు మిరప రైతు:

తప్పకుండా తీసుకురండమ్మా. ముందు ఆ ఇంటావిడ దగ్గరికి వెళ్లండి, పిల్లల ప్రయాణం తర్వాత.

రెండుసార్లు రావాలి, ఒకసారి వస్తే సగమే చూసినట్టు. ఆగస్టులో నారుమడి చూడటానికి ఒకసారి, ఫిబ్రవరి చివర్లో కల్లం చూడటానికి ఒకసారి. ఆగస్టులో నల్లరేగడి జారుతుంది, చెప్పులు విప్పి నడవాల్సి ఉంటుందని ఇళ్లల్లో ముందే చెప్పండి. కల్లానికి వచ్చేటప్పుడు ప్రతి పిల్లాడికీ ముక్కుకు గుడ్డ, నిండు చేతుల చొక్కా ఉండాలి. కాయ ముట్టుకున్న చేత్తో కళ్లు నలుపుకోకూడదు. ఆస్తమా ఉన్నవాళ్లను కల్లంలోకి తేవద్దు, వాళ్లను నారుమడికి తీసుకురండి. శనివారం అయితే మంచిది, ఏరే ఆడవాళ్లంతా పనిలో ఉంటారు, పిల్లలు వాళ్ల పక్కన కూర్చుని కాసేపు తాలు ఏరొచ్చు. మధ్యాహ్నం భోజనం మా సంఘం చూసుకుంటుంది, ఎంతమంది వస్తారో వారం ముందు చెప్పండి చాలు.