ముట్టడి చిత్రాలను చరిత్రకు ఆధారంగా తీసుకోవచ్చా?

ప్రశ్న:
ఫ్రెంచ్ చరిత్రకారుడు ఫ్రువాసార్ రాసిన చరిత్రలో ఉన్నవి 14వ శతాబ్దపు యుద్ధాలు. అయితే బ్రూజ్ నగరానికి చెందిన కులీనుడు లూయీ ద గ్రూతూజ్ కోసం 1470లలో తయారై, నేడు పారిస్‌లోని జాతీయ గ్రంథాలయంలో ఉన్న దాని నాలుగు సంపుటాల రాతప్రతిలో సైనికుల కవచాలు, ఆయుధాలు ఆ చిత్రకారుల కాలానివే. అలాంటప్పుడు ఇందులోని కోట ముట్టడి దృశ్యాలను ఎంతవరకు నమ్మవచ్చు?

మొదటి జవాబు:
కథ జరిగిన కాలానికి కాక, బొమ్మ గీసిన కాలానికి సాక్ష్యంగా నిస్సంకోచంగా నమ్మవచ్చునని నా అభిప్రాయం. 15వ శతాబ్దపు ముట్టడి చిత్రాలలో పెద్ద ఫిరంగి ముందు తరచుగా కనిపించే చెక్క తలుపునే చూడండి. పై దూలానికి ఇరుసుతో బిగించిన ఆ తలుపు పేల్చే క్షణంలో పైకి లేచి, మళ్లీ మందు కూరేంతసేపూ కిందికి వాలి, గోడ మీది విలుకాండ్ల బాణాల నుంచి ఫిరంగి మనుషులను కాపాడేది. పేలినప్పుడు ఫిరంగి వెనక్కి తన్నకుండా దాని వెనుక దుంగలు పేర్చి, మేకులు దిగగొట్టడం కూడా కొన్ని చిత్రాలలో కనిపిస్తుంది. పని తీరు తెలియనివారు ఊహించి గీయగలిగిన వివరాలు కావివి.

రెండవ జవాబు:
పై మాటతో ఏకీభవిస్తూనే ఒక హెచ్చరిక చేస్తాను. పరికరాలను నమ్మండి, దూరాలను, కాలాన్ని నమ్మకండి. పుటలో ఇమడాలి కాబట్టి నగరం నాలుగు బురుజులకు కుదించుకుపోతుంది, గుడారాలు కందకం అంచుకే వచ్చేస్తాయి. అంతకన్నా ముఖ్యంగా, 1346లో మొదలైన, ఫ్రాన్స్ ఓడరేవు పట్టణం కలే ముట్టడి పదకొండు నెలలు సాగి, చివరకు ఆ పట్టణం ఆకలికి లొంగింది. ఆకలిని బొమ్మగా గీయడం కష్టం, నిచ్చెనలెక్కే సైనికులను గీయడం తేలిక. అందుకే చిత్రాలలో దాడులే ఎక్కువ.

మూడవ జవాబు:
సంఘటనకు దగ్గరి కాలంలో గీసినవి కూడా ఉన్నాయి. 1480లో ఒట్టోమన్ సేన రోడ్స్ ద్వీపాన్ని ముట్టడించినప్పుడు అక్కడే ఉన్న గియోమ్ కవుర్సాఁ ఆ వృత్తాంతాన్ని లాటిన్‌లో రాశాడు. కొద్ది ఏళ్లకే దాని చిత్రిత ప్రతి సిద్ధమైంది. బర్గండీ యాత్రికుడు బెర్‌ట్రాండన్ ద లా బ్రోకియేర్ యాత్రాగ్రంథపు ప్రతిలో 1453 నాటి కాన్‌స్టాంటినోపుల్ ముట్టడి చిత్రం ఉంది. నగర భవనాలు పశ్చిమ యూరప్ ధోరణిలోనే ఉన్నా, తుర్కులు ఓడలను నేల మీదుగా లాగి, నగరం పక్కనున్న సముద్రపు పాయ గోల్డెన్ హార్న్‌లోకి దించిన ఘట్టాన్ని ఆ చిత్రకారుడు విడిచిపెట్టలేదు. విన్న వార్త, అలవాటైన శైలి ఒకే పుటలో పక్కపక్కనే ఉంటాయి కాబట్టి, ఒక్కో వివరాన్నీ విడివిడిగా పరీక్షించవలసిందే.