లోకల్ టీవీ రిపోర్టర్లకు పండగ సెలవులు ఉండవా?

ప్రశ్న: మా చెల్లి లోకల్ న్యూస్ ఛానల్‌లో రిపోర్టర్‌గా చేరి మూడు నెలలైంది. ఒక్క పండక్కీ ఇంట్లో లేదు, పొద్దున్నే వెళ్తే ఎప్పుడొస్తుందో తెలియదు. ఎప్పుడూ ఇంతేనా? అమ్మ టెన్షన్ పడుతోంది.

జవాబు: తొమ్మిదేళ్లుగా ఇదే పనిలో ఉన్నాను. బులెటిన్‌కి సెలవు లేదు కాబట్టి పండగ రోజు కూడా ఎవరో ఒకరు డ్యూటీలో ఉండాలి, అది ముందు కొత్తవాళ్లకే పడుతుంది. చూసేవాళ్లకి కనిపించేది నిమిషంన్నర స్టోరీ, దాని కోసం స్పాట్‌కి వెళ్లి బైట్లు (అక్కడివాళ్లు కెమెరా ముందు చెప్పే మాటలు) తీసుకోవాలి, విజువల్స్ పంపాలి, స్క్రిప్ట్ రాసి వాయిస్ ఓవర్ ఇవ్వాలి, ఈలోగా లైవ్‌కి రమ్మని డెస్క్ (ఆఫీసులో వార్తలు సిద్ధం చేసే టీమ్) నుంచి ఫోన్ వస్తుంది. భోజనం ఆ తర్వాతే.

ఇంకో జవాబు: నేను కెమెరామన్‌ని. పండగ రోజు పనిచేస్తే బదులుగా ఇంకో రోజు ఆఫ్ చాలాచోట్ల ఇస్తారు, కానీ నోరు తెరిచి అడగాలి. మా ఇంట్లో ఆ ఆఫ్ రోజే పండగ, పిల్లలకీ అలవాటైంది.

అడిగినవారు: థాంక్సండీ, ఈ సంగతి తనకి తెలియదట. ఏదైనా ప్రమాదం కవర్ చేసొచ్చిన రోజు మాత్రం అసలు మాట్లాడదు.

మొదటి జవాబిచ్చినవారు: ఆ రోజు ఏమీ అడక్కండి, పక్కన కూర్చోండి చాలు. నా మొదటి ప్రమాదం వార్త తర్వాత రెండు రాత్రులు నిద్రపట్టలేదు, అన్నయ్య పక్కనే ఉన్నాడు.