నేపాల్ పల్లెటూరి బడిలో వాలంటీర్‌గా వెళ్లాలంటే ఏజెన్సీకి లక్ష కట్టాలా?

బెజవాడ టీచర్:
నమస్తే అండి. బీఈడీ చేశాను, ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెప్తున్నాను. మే సెలవుల్లో నేపాల్‌లో ఏదైనా పల్లెటూరి బడిలో పాఠాలు చెప్పాలని చాలా రోజులుగా ఉంది. నెట్‌లో ఒక ఏజెన్సీ దొరికింది, నాలుగు వారాలకి దాదాపు లక్ష అడుగుతున్నారు, తిండీ వసతీ వాళ్లదేనట. పొద్దున బడి, సాయంత్రం అనాథాశ్రమంలో పిల్లలతో గడపడం. అమ్మకి టెన్షన్, నాన్నేమో "సేవ చేసేది నువ్వయితే ఎదురు డబ్బులివ్వడమేంటి" అంటున్నారు. వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి ప్లీజ్.

కొండదారి:
2015 భూకంపం తర్వాత గోర్ఖా జిల్లాలో ఒక పల్లెలో కొన్నాళ్లున్నాను. ముందు ఆ అనాథాశ్రమం మాట పక్కన పెట్టేయండి. 1996 నుంచి 2006 దాకా మావోయిస్టులకీ ప్రభుత్వానికీ మధ్య సాగిన యుద్ధంలో హుమ్లా లాంటి మారుమూల జిల్లాల నుంచి, బాగా చదివిస్తామని అమ్మానాన్నలకి చెప్పి, వాళ్ల దగ్గరే డబ్బులు తీసుకుని మరీ పిల్లల్ని ఖాట్మండూ తెచ్చి ఆశ్రమాల్లో పెట్టారు. అక్కడి ఆశ్రమాల్లో ఉన్న పిల్లల్లో ఎక్కువమందికి తల్లో తండ్రో బతికే ఉన్నారని యూనిసెఫ్ చాలాసార్లు చెప్పింది. విదేశీయులు వచ్చి డబ్బిస్తున్నంత కాలం పిల్లల్ని తెచ్చేవాళ్లు తెస్తూనే ఉంటారు. పైగా నెలకొకరు వచ్చి ముద్దు చేసి వెళ్లిపోతుంటే ఆ పసివాళ్లకి ఎంత కష్టమో ఆలోచించండి.

బడి అయితే తప్పకుండా వెళ్లండి. కానీ అక్కడి టీచర్‌ని పక్కన కూర్చోబెట్టి మీరు చెప్పడం కాదు, ఆవిడతో కలిసి చెప్పండి. నేనున్న ఊళ్లో ఒక మేడమ్ మొక్కజొన్న గింజలు నేల మీద కుప్పలు పోసి భాగహారం చెప్పేవారు, మిగిలిన గింజల్ని పిల్లలే ఏరి "శేషం" అని అరిచేవారు. ఆవిడకి కావలసింది ఇంకో టీచర్ కాదు, పై క్లాసులకి అలాంటివే నాలుగు పద్ధతులు. లెక్కల టీచర్‌గా మీరు ఇవ్వగలిగింది అదే. ఇంకోటి, చాలా ప్రభుత్వ బళ్లలో లెక్కల పుస్తకాలు నేపాలీలోనే, అంకెలు కూడా దేవనాగరివే. ముందే అలవాటు చేసుకోండి.

జగిత్యాల టు దోహా:
చెల్లీ, ఖతర్ల నా రూమ్మేట్లు నేపాలీలే, ఒకాయనతో ధాదింగ్‌లో వాళ్ల ఇంటికి కూడా పోయిన. మన దిక్కు గల్ఫ్ ఊర్ల లెక్కనే, మగవాళ్లంతా ఖతర్, మలేసియాలో, పొలం పనంతా ఆడవాళ్ల మీదనే. పిల్లలు బడి నుంచి రాంగనే డోకో బుట్ట వీపుకు తగిలించుకొని గడ్డి కోయపోతరు. కాబట్టి సాయంత్రం ట్యూషన్ పెడతా అని నీ అంతట నువ్వు అనకు, ముందు తల్లులను అడుగు. జూన్ సగం దాటితే నాట్లు మొదలైతయి, వానలకు కొండచరియలు పడి రోడ్లు బంద్ అయితయి, అంతకుముందే తిరిగిరా.

స్టాఫ్ నర్స్:
అమ్మగారికి చెప్పండి, మనకి వీసా అక్కర్లేదు, పాస్‌పోర్ట్ లేదా ఓటర్ కార్డు చాలు. అమెరికా పాస్‌పోర్ట్ ఉన్న మన పిల్లలెవరైనా ఇది చదువుతుంటే, టూరిస్టు వీసా మీద జీతం లేని పని కూడా చేయకూడదు, దానికి వేరే అనుమతి కావాలి. టైఫాయిడ్ టీకా వేయించుకోండి, నీళ్లు కాచే తాగండి. మన వంద 160 నేపాలీ రూపాయలు, పల్లెల్లో ఏటీఎం దగ్గర్లో ఉండదు కాబట్టి చిల్లరతో వెళ్లండి. పిల్లల ఫొటోలు మాత్రం ఎక్కడా పెట్టకండి.

బెజవాడ టీచర్:
అందరికీ చాలా థాంక్స్. ఏజెన్సీకి ఫోన్ చేసి ఏ బడి, హెడ్మాస్టర్‌తో మాట్లాడొచ్చా, లక్షలో బడికి చేరేదెంత అని అడిగాను. బడి పేరు మీరు వచ్చాక చెప్తాం, ముందు అడ్వాన్స్ కట్టండి అన్నారు. కట్టడం లేదు. మా స్కూల్ వాచ్‌మన్ దాయీది (నేపాలీలో అన్న అని) నేపాల్‌లో పాల్పా జిల్లా, వాళ్ల ఊరి బడి హెడ్మాస్టర్‌తో నిన్న మాట్లాడించాడు. ఆరు, ఏడు తరగతుల్లో భిన్నాల దగ్గర పిల్లలు ఆగిపోతున్నారట, రమ్మన్నారు. ఆ పుస్తకాలు ఇక్కడ ఎలా దొరుకుతాయి?

కొండదారి:
కొనక్కర్లేదు. నేపాల్ ప్రభుత్వ పాఠ్యక్రమ వికాస కేంద్రం సైట్‌లో అన్ని తరగతులవీ ఉచితంగా ఉన్నాయి, దించుకోండి. అక్కడ బడి సెలవు శనివారం, ఆదివారం క్లాసులుంటాయేమో హెడ్మాస్టర్‌ని అడిగి టికెట్ దాన్ని బట్టి చూసుకోండి.