కాస్పరోవ్–టోపలోవ్ చెస్ ఆటలో మేట్ ఎక్కడుంది? నా బోర్డు మీద రాజు పారిపోతున్నాడు

బంటు64:
సాయంత్రం ఆరింటికి కూర్చున్నాను, ఇప్పుడు పదకొండు దాటింది. మాజీ ప్రపంచ ఛాంపియన్ కాస్పరోవ్ టోపలోవ్ మీద ఏనుగును బలి ఇచ్చిన ఆట అందరికీ తెలిసిందే. తర్వాత రెండో ఏనుగు ఈ7 గడిలో చెక్ ఇస్తుంది. దాన్ని మంత్రితో చంపితే మేట్ అంటారు. నేను ఎన్నిసార్లు ఆడినా నల్లరాజు సీ8కి వెళ్లిపోతున్నాడు. రెండు ఏనుగులూ పోయాయి, మేట్ లేదు. రేపు మా అబ్బాయికి చూపిస్తానని మాటిచ్చాను, టెన్షన్‌గా ఉంది.

నల్లగడి:
వాళ్లిద్దరూ చాలా ఆటలు ఆడారు. ఏది? పావులు ఎలా పేర్చారు?

పాతఆటగాడు:
1999 జనవరి, నెదర్లాండ్స్‌లోని విక్ ఆన్ జీ టోర్నీ, నల్లపావులు పిర్క్ డిఫెన్స్ అనే ఆరంభంతో ఆడిన ఆట. మన గుంటూరు హరికృష్ణ 2012లో, వరంగల్ అర్జున్ 2022లో టోర్నీ రెండో గ్రూపు గెలిచింది ఆ ఊళ్లోనే. 24వ ఎత్తులో కాస్పరోవ్ ఏనుగుతో డీ4 బంటును చంపాడు. ఇక్కడ ఎవరూ చెప్పని సంగతి ఒకటుంది. టోపలోవ్ ఆ ఏనుగును ముట్టుకోకుండా రాజును బీ6కి జరిపి ఉంటే నిలదొక్కుకునేవాడు. బలి ఎంత అందంగా ఉన్నా, ఎదుటివాడు తీసుకున్నాడు కాబట్టే గెలిచింది. ఇంకొకటి, 28వ ఎత్తులో కాస్పరోవ్ మంత్రిని సీ3కి తెచ్చాడు. ఏనుగును ఏ7కి వేస్తే ఇంకా బాగుండేదని తర్వాత గ్రాండ్‌మాస్టర్ లుబొమీర్ కవాలెక్ చూపించాడు. అబ్బాయికి ఇవి కూడా చెప్పండి, ఆటంటే అద్భుతం ఒక్కటే అనుకోకూడదు.

గుర్రపుదూకుడు:
ముందు ఏనుగు అంటే ఏదో తేల్చండి. మా ఇంట్లో రూక్‌ను ఏనుగు, బిషప్‌ను శకటు అనేవాళ్లం. మా అత్తగారింట్లో రూక్‌నే శకటు అంటారు. ఇలా రాస్తే చదివేవాళ్లు తికమకపడరా?

నల్లగడి:
టోర్నమెంట్లలో రూక్, బిషప్ అనే అంటారు. అవి వాడండి చాలు.

గుర్రపుదూకుడు:
తెలుగు మాట ఉండగా ఎందుకు వదలాలండీ? గుర్రం అనగానే పిల్లాడికి దూకడం గుర్తొస్తుంది, నైట్ అంటే రాత్రి గుర్తొస్తుంది.

నల్లగడి:
బంటు64 గారూ, మీ తెల్ల బిషప్ ఎక్కడుంది?

బంటు64:
ఎఫ్1లోనే, అది కదల్లేదు కదా. మొదటి నుంచి ఆడలేదండీ, పాత పేపర్ కటింగ్‌లోని బొమ్మ చూసి పేర్చాను. ఓ పక్క చెరిగిపోయింది.

నల్లగడి:
ఎఫ్1లో బిషప్ ఉంటే హెచ్1 రూక్ ఈ1కి ఎలా వచ్చింది? 19వ ఎత్తులోనే బిషప్ హెచ్3కి వెళ్లింది. అక్కణ్నుంచి సీ8 దాకా దారి ఖాళీ. ఇప్పుడు చూడండి. మంత్రి ఈ7లో రూక్‌ను చంపగానే, 26లో తెల్లమంత్రి డీ4 బంటును చంపి చెక్, రాజు బీ8. 27. మంత్రి బీ6, చెక్. సీ8ని హెచ్3 బిషప్ కాస్తోంది. అందుకని నల్ల బిషప్ బీ7లో అడ్డం పడుతుంది. 28. ఏ5 గుర్రం సీ6లో చెక్. బీ7 బిషప్ కదిలితే రాజు మంత్రికి దొరుకుతాడు, కాబట్టి గుర్రాన్ని చంపలేదు. రాజు ఏ8. 29. మంత్రి ఏ7, మేట్.

పాతఆటగాడు:
27లో బిషప్‌కు బదులు మంత్రినే బీ7లో అడ్డం పెడితే?

నల్లగడి:
సీ6 గుర్రంతో అక్కడే మేట్. ఆ మంత్రీ పిన్‌లోనే ఉంటుంది, కదిలితే రాజు దొరుకుతాడు.

బంటు64:
బిషప్‌ను హెచ్3లో పెట్టాను, మేట్ వచ్చింది. థాంక్సండీ.

గుర్రపుదూకుడు:
శకటును, అనండి. ఇంతకీ గోదావరి వైపు రూక్‌ను ఏమంటారో ఎవరైనా చెప్తారా?