ఎర్రవీపు సాలమాండర్ అడవిలో కార్బన్‌ని ఆపుతుందా? నాకు నమ్మకం లేదు

కావలి కుర్రోడు:
వాట్సాప్‌లో ఒక వీడియో తెగ తిరుగుతోంది. అమెరికా తూర్పు అడవుల్లో ఎర్రవీపు సాలమాండర్ అని ఒకటుందంట, బారెడు కాదు కదా జానెడు కూడా ఉండదు, అది పురుగుల్ని తిని భూమి వేడెక్కకుండా కాపాడుతోందంట! ఏందన్నా ఇది, ఒక బల్లి వాతావరణాన్ని కాపాడటమా? అట్లయితే నాలుగు తెచ్చి మా నెల్లూరులో వదలండి, మే నెల గడుస్తుంది.

ఒంగోలు మాస్టారు:
వెటకారం సరే తమ్ముడూ, అది బల్లి కాదు, కప్పల వర్గం. ఊపిరితిత్తులు అసలుండవు, తడి చర్మంతోనూ నోటి లోపలి పొరతోనూ గాలి పీలుస్తుంది. చర్మం ఆరితే చావే, అందుకే పగలంతా పుచ్చిన దుంగల కింద ఉండి వాన పడ్డ రాత్రి బయటికొస్తుంది. మీ నెల్లూరులో వదిలితే ఒక్క పూట కూడా బతకదు. కార్బన్ సంగతికొస్తే, రాలిన ఆకుల్ని కొరికి ముక్కలు చేసే పురుగుల్ని ఇది తినేస్తుంది కాబట్టి ఆకు నెమ్మదిగా కుళ్ళుతుంది, కార్బన్ గాలిలో కలిసి వేడి పెంచకుండా నేలలోనే ఎక్కువ కాలం ఉంటుంది. 1998లో వైమన్ అనే ఆయన న్యూయార్క్ అడవిలో కొలిస్తే ఆకు కుళ్ళే వేగం 11 నుంచి 17 శాతం దాకా తగ్గింది.

పెంచలకోన ఫ్యాన్:
మా కోనలో కూడా చూశా సార్, నున్నగా మెరుస్తా ఆకుల్లోకి దూరింది.

ఒంగోలు మాస్టారు:
అది నలికిరి అయ్యుంటుంది బాబూ. దగ్గరగా చూడు, పొలుసులూ గోళ్ళూ ఉంటాయి. సాలమాండర్‌కి రెండూ ఉండవు. మన దేశంలో సాలమాండర్ ఉండేది డార్జిలింగ్, ఈశాన్య రాష్ట్రాల కొండల వైపే.

ఉదయగిరి రెడ్డి:
మాస్టారూ, మీరు సగమే చెప్పారు. 2014లో హాకింగ్, బాబిట్ అనే ఇద్దరు న్యూహాంప్‌షైర్‌లో ఇదే ఎర్రవీపు మీద పరీక్ష పెడితే ఆకు కుళ్ళడంలో తేడా ఏమీ తేలలేదు. నాకైతే అదే సబబు అనిపిస్తుంది, ఎందుకంటే ఇది ఆకు కొరికే పురుగుల్నే ఏరుకుని తినదు, చీమలు, చెదలు, సాలీళ్ళు, చిన్న చిన్న నల్లుల్లాంటివి, ఏది నోటికందితే అది మింగుతుంది. సాలీడుని తింటే ఆ సాలీడు తినాల్సిన పురుగులు బతికిపోయి మళ్ళీ ఆకులు కొరుకుతాయి కదా, ఆ లెక్క ఎవరు కడతారు? పైగా ఇట్లాంటి పరీక్షలు ఎక్కువగా చిన్న కంచెలు కట్టి చేస్తారు, అక్కడి లెక్కని అడవి మొత్తానికీ పొడిగిస్తే ఎట్లా?

అట్లని దాన్ని తక్కువ చెయ్యను. న్యూహాంప్‌షైర్‌లోని హబ్బర్డ్ బ్రూక్ అడవిలో సాలమాండర్లన్నిటి బరువు కలిపితే, పక్షులు గుడ్లు పెట్టే రోజుల్లో ఉండే పక్షులన్నిటి బరువుకి దాదాపు రెట్టింపని 1975లోనే లెక్క తేల్చారు. ఇంకో తమాషా, మగది తన జాగా చుట్టూ రెట్టలు వేసి హద్దు పెడుతుంది, ఆడది వచ్చి ఆ రెట్టని మూతితో నలిపి చూసి, చీమలు తిన్నవాడికన్నా చెదలు తిన్నవాడి వైపు మొగ్గుతుంది! మన పెళ్ళిచూపుల్లో అడిగే ప్రశ్నలే నయం. గుడ్లు కూడా నీళ్ళలో పెట్టదు, దుంగ సందులో పైనుంచి వేలాడదీసి, సరైన తిండి లేకుండా వారాల తరబడి కాపలా కాస్తుంది.

కావలి కుర్రోడు:
అంటే నా మాటే నెగ్గినట్టా అన్నా? వీడియో డిలీట్ చేయించమంటావా?

ఉదయగిరి రెడ్డి:
ఇంకా తేలని విషయం అబ్బయ్యా, నువ్వూ నెగ్గలేదు, మాస్టారూ నెగ్గలేదు. "భూమిని కాపాడుతోంది" అన్న ముక్క కోసేసి ఆ రెట్ట సంగతి పెట్టి ఫార్వర్డ్ చేసుకో, నాకేం అభ్యంతరం లేదు.