వావిలాకు హైదరాబాద్‌లో ఎక్కడ దొరుకుతుంది?

ఉప్పల్ వైపు రెండో అంతస్తులో ఉంటాం, వెనకే మురుగు కాలువ. సాయంత్రం ఆరు నుంచి ఎనిమిదిన్నర దాకా దోమలు మామూలుగా లేవు. కాయిల్ పెడితే పాపకి (మూడేళ్ళు) దగ్గు, అందుకే ఆకులూ నూనెల మీద పడ్డాను.

కొబ్బరినూనె పది చెంచాలకి వేపనూనె ఒక చెంచా కలిపి నేనే కాళ్ళకీ చేతులకీ రాసుకున్నా, అరగంట ముప్పావుగంట బానే ఉంది, తర్వాత మళ్ళీ మామూలే. పైగా ఆ వాసనకి దోమల కంటే ముందు మా ఆయన పారిపోతున్నారు. ఎండు వేపాకు పొగ వేస్తే దోమలు తగ్గాయి కానీ పాపకి మళ్ళీ దగ్గే. కుండీలో నిమ్మగడ్డి పెంచాను, ఊరికే కిటికీలో పెడితే ఏమీ లేదు, ఆకు నలిపితేనే వాసన వస్తుంది.

మా ఊళ్ళో (గుంటూరు వైపు) కాలువ గట్ల మీద వావిలి పొదలుగా ఉండేది, ఒక్కో కాడకి మూడు నుంచి ఐదు ఆకులు, కింద తెల్లగా, ఊదారంగు చిన్న పూలు. అమ్మమ్మ ఆ కొమ్మలు గుమ్మాల దగ్గర వేలాడదీసేది. పొగ అక్కర్లేదు కాబట్టి అదొకసారి చూద్దామని. ఇక్కడ మూడు నర్సరీల్లో అడిగాను, ఒకరు లేదన్నారు, ఇద్దరికి పేరే తెలియదు. ఆదివారం రెండు చెరువు గట్లు తిరిగాను, అంతా సర్కారు తుమ్మే.

ఉప్పల్, ఘట్‌కేసర్, నాగోల్ చుట్టుపక్కల వావిలి పొదలు గానీ మొక్క గానీ ఎక్కడ చూశారు?